డిప్యుటేషన్ మీద వెళ్ళిన వాల్వు

కాకినాడలో ఇంజన్ల ఆఫీసు అంటే ఆటోవాళ్ళు తిన్నగా తీసుకెళ్ళి గేటు ముందు దింపుతారు. అదే బోర్డు మీదున్న పేరు, "అంతర్దహన యంత్ర సామర్థ్య పెంపు సంస్థ" అని మొత్తం చెప్తే మాత్రం, "అలాంటిది ఈ ఊళ్ళో లేదండి, రాజమండ్రిలో కనుక్కోండి" అంటారు.

ఆ భవనం కట్టినవాళ్ళు ఇంజన్ బొమ్మని ఎదురుగా పెట్టుకుని కట్టారేమోననిపిస్తుంది. ఇంజన్లో వాల్వులు పైన, పిస్టన్ కింద ఉంటాయి గనక మేడ మీద వాల్వు విభాగం, కింద పిస్టన్ విభాగం. పైవాళ్ళు కిందికి దిగరు, కిందివాళ్ళు పైకి ఎక్కరు. మాట్లాడుకోక తప్పని పరిస్థితి వస్తే రెండు విభాగాల అధిపతులూ మెట్ల మలుపు దగ్గర కుర్చీలు వేయించుకుని కూర్చుంటారు. దాన్ని సమన్వయ సమావేశం అంటారు. ఆ మలుపు ఎవరి పరిధిలోకి వస్తుందో ఇంకా తేలలేదు. అందుకని దాన్ని ఎవరూ ఊడ్వరు.

మందాకిని మేడ మీద వాల్వు ఇంజనీరు. చంద్రహాస్ కింద పిస్టన్ ఇంజనీరు. ఇద్దరికీ పరిచయమైంది ఆ ఊడ్వని మలుపు దగ్గరే. చెరో అధిపతి వెనక చెరో ఫైలు పట్టుకుని నిలబడేవారు. పెద్దవాళ్ళు కిందా మీదా పడి వాదించుకుంటుంటే వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వు ఆపుకునేవారు. కొన్నాళ్ళకి ఆపుకోవడం మానేశారు. మే నెలలో పెళ్ళయింది.

పెళ్ళయ్యాక మందాకినికి లోకంలో ప్రతిదీ కొత్తగా కనిపించసాగింది. జగన్నాథపురంలో అద్దెకి తీసుకున్న రెండు గదులు, దొడ్లో చేతిపంపు, కిటికీలో ఆరేసిన అతని చొక్కా పక్కన ఆరేసిన తన చున్నీ, స్కూటరు గతుకులో పడ్డప్పుడల్లా "పట్టుకున్నావా" అని అతను అడగడం, పట్టుకునే ఉన్నా "లేదండీ" అని ఆమె అనడం. మధ్యాహ్నం ఒకరి అంతస్తుకి ఒకరు వెళ్ళడానికి లేదు గనక మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని, ఒకే క్యారేజీలో దొండకాయ వేపుడు తినేవారు. ఆ దుమ్ములో అంత రుచి ఎక్కణ్ణుంచి వచ్చేదో.

జూలైలో ఒక బుధవారం నోటీసు బోర్డుకి ఉత్తర్వు అంటించారు. ప్రాంతాల సమతుల్యాభివృద్ధి దృష్ట్యా, పరిపాలనా సౌలభ్యం నిమిత్తం, పిస్టన్ విభాగాన్ని అనంతపురానికీ, వాల్వు విభాగాన్ని శ్రీకాకుళానికీ తరలించడమైనదని, నవంబరు నెలాఖరు సాయంత్రం ఐదు గంటలకి ఆ రెండు విభాగాల సిబ్బంది యావన్మందీ రిలీవ్ అయినట్టు భావించబడతారని దాని సారాంశం.

డైరెక్టరుగారు అందర్నీ ఆవరణలో నిలబెట్టి విశదీకరించారు.

"ఇంజన్లో భాగాలు కలిసి పనిచేయాలి. విభాగాలు కలిసి పనిచేయాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. పిస్టన్‌కి ఒక ప్రాంతం, వాల్వుకి ఒక ప్రాంతం. మధ్యలో ఎలాగూ రైల్వేవారున్నారు."

మందాకిని ఫోన్లో రాష్ట్రం మ్యాపు తీసింది. ఒక ఊరు ఈ కొసన, ఇంకో ఊరు ఆ కొసన ఉన్నాయి. రెండూ ఒకేసారి కనిపించాలంటే మ్యాపుని బాగా చిన్నది చేయవలసి వచ్చింది. అంత చిన్నది చేశాక కాకినాడ కనిపించలేదు.

ఆమె తిన్నగా ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంటు సుభద్రాంబగారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడకి సంస్థ నిబంధనలన్నీ నోటికి వచ్చు. నిద్రలో లేపి అడిగినా ఉపనిబంధనతో సహా చెప్తారని ప్రతీతి.

"భార్యాభర్తల్ని ఒకే ఊళ్ళో ఉంచాలని నియమం ఉంది కదా మేడం."

"ఉందమ్మాయ్, కాదన్ను. ఒకే విభాగంలో ఉన్నవాళ్ళకి ఉంది. వేరేవేరే విభాగాల వాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చని మన నిబంధనల్లో లేదు, చేసుకోకూడదనీ లేదు. కాబట్టి మీ పెళ్ళి మా దృష్టిలో పెండింగులో ఉన్నట్టు."

"పోనీ నన్ను పిస్టన్ విభాగానికి మార్చండి."

"వాల్వు మనిషిని పిస్టన్‌లో ఎలా వేస్తానే? రేపు డ్రైవరు వచ్చి తనని టైపిస్టుని చేయమంటాడు. కుదరదు."

"మరింకే దారీ లేదా?"

సుభద్రాంబగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పన్నెండో నిబంధన ఒకటుంది. వస్తువు ఎక్కడుంటే దాని బాధ్యులు అక్కడుండాలి. నీ వాల్వేదైనా వెళ్ళి పిస్టన్‌లో కూర్చుంటే నువ్వూ దాని వెనకాలే పోవచ్చు. కానీ అది పైన కదే ఉండేది, పాపం." అని జాలిపడి, డబ్బాలోంచి రెండు చెగోడీలు తీసి చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం దొడ్లో చంద్రహాస్ పంపు కొడుతుంటే మందాకిని బకెట్టు పట్టుకుంది. పైకి, కిందికి, పైకి, కిందికి. నీళ్ళు గబగబా వస్తున్నాయి.

"ఏవండీ, ఈ పంపులో నీటిని ఎత్తే వాల్వు ఎక్కడుంటుంది?"

"ఎక్కడేంటి, పిస్టన్‌లోనే. పైకి లాగితే మూసుకుంటుంది, కిందికి తోస్తే..." అంటూ అతను పిడి మీద చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయాడు.

"కొట్టండి, సగమే నిండింది."

"మందా, నువ్వు ఊరికే అడగలేదు కదూ."

ఆ రాత్రి అన్నం తింటూ పళ్ళెం అంచు మీద ఆవకాయ నూనెతో బొమ్మ గీసుకున్నారు. మామూలు ఇంజన్లో గాలి పై మూతలోంచి లోపలికి వస్తుంది, పొగ కూడా పై మూతలోంచే పోతుంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఒకే గుమ్మంలో ఒరుసుకున్నట్టుంటుంది. వీళ్ళ ఇంజన్లో గాలి కింద నుంచి, పిస్టన్ నడినెత్తిన ఉన్న వాల్వులోంచి పైకి వస్తుంది. పొగ పై నుంచి పోతుంది. ఎదురుపడే పనే లేదు. దాంతో డీజిలు శుభ్రంగా కాలుతుంది, తక్కువ పడుతుంది. మొగుడితో పాటు అనంతపురం పోదామని మొదలుపెట్టిన ఆలోచన తీరా చూస్తే నిజంగానే మంచి ఇంజనయి కూర్చుంది.

అనుమతులకి ఏ ఇబ్బందీ రాలేదు. వాల్వు విభాగాధిపతి పేరిశాస్త్రిగారు వాల్వు బొమ్మ చూసి సంతకం పెట్టారు. పిస్టన్ విభాగాధిపతి వరహాలరాజుగారు నెత్తిన చిల్లున్న పిస్టన్ బొమ్మ చూసి, తేలిగ్గా ఉంటుంది మంచిదేనని సంతకం పెట్టారు. ఒకరి బొమ్మ ఒకరు చూసే ఆచారం ఆ సంస్థలో లేదు.

ఆగస్టు చివర్లో వెనక షెడ్డులో ఇంజన్ బిగించి, హ్యాండిల్ తిప్పి స్టార్టు చేశారు. అది మామూలు డీజిలు ఇంజన్లా దడదడలాడలేదు. పిల్లి గురక పెట్టినట్టు చిన్నగా మోగుతూ తిరిగింది. డబ్బాలో పోసిన డీజిలు ఎంతకీ తగ్గదు. మందాకిని అరచేతులు చప్పట్లు కొట్టడానికి లేచి, మసి చూసుకుని ఆగి, అతని చొక్కాకి తుడుచుకున్నాయి.

మర్నాడు ఇద్దరు అధిపతులూ వచ్చి మూత విప్పించి చూశారు. చూసి, తిన్నగా మెట్ల మలుపు దగ్గరికి నడిచి, కుర్చీలు తెప్పించారు.

"ఏవండి రాజుగారూ, మా వాల్వు మీ ఆవరణలో దొరికింది. దీనికి ఏం సంజాయిషీ చెప్తారు?" అన్నారు శాస్త్రిగారు.

"దొరకడం ఏంటండి. మా పిస్టన్ నెత్తిన చిల్లు పెట్టి మీరే దూరారండి ఆయ్. ఆక్రమణ అంటారండి దీన్ని, మా భీవరంలో అయితే."

"వాల్వు అన్నది ఎక్కడున్నా వాల్వు విభాగానిదే."

"పిస్టన్ లోపలున్నదంతా పిస్టన్ విభాగానిదేనండి. లేకపోతే పీకేసుకోండి మీ వాల్వు."

పీకేస్తారేమోనని పై మెట్టు మీద మందాకిని గుండె, కింది మెట్టు మీద చంద్రహాస్ గుండె ఒకేసారి జారాయి. అప్పుడు సుభద్రాంబగారిని పిలిపించారు. ఆవిడ షెడ్డులోకి వెళ్ళి, హ్యాండిల్ని మెల్లగా తిప్పించుకుని, పిస్టన్ పైకి రావడం, కిందికి పోవడం కాసేపు చూశారు. తిరిగొచ్చి తీర్పు చెప్పారు.

"ఇందులో గొడవేం లేదండి. వాల్వుకి మాతృశాఖ మేడ మీద విభాగమే. పిస్టన్ కిందికి దిగినప్పుడు అది పిస్టన్ విభాగానికి డిప్యుటేషన్ మీద వెళ్తోంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మళ్ళీ మాతృశాఖలో చేరుతోంది. ఉద్యోగులకి లేదా, ఇదీ అంతే."

శాస్త్రిగారి ముఖం విప్పారింది. "అయితే దిగే ముందు మా రిలీవింగ్ ఆర్డరు కావాలి."

"దిగాక మా దగ్గర జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలండి," అన్నారు రాజుగారు.

"ఎక్కేటప్పుడు అటూ ఇటూ మార్చి అవే," అన్నారు సుభద్రాంబగారు.

"మేడం, ఈ ఇంజన్ నిమిషానికి వందలసార్లు తిరుగుతుందండీ," అన్నాడు చంద్రహాస్.

"అదే తప్పు బాబూ. అంత తొందరేం వచ్చింది? సంతకాలు ఎవరు పెడతారు?"

ఆ విధంగా ఇంజన్ వేగం నిర్ణయమైంది. రోజుకి ఒక కదలిక. పొద్దున్న పది గంటలకి శాస్త్రిగారి మనిషి రిలీవింగ్ ఆర్డరు చదివేవాడు. చంద్రహాస్ హ్యాండిల్ని సగం చుట్టు తిప్పేవాడు. పిస్టన్ కిందికి దిగేది. రాజుగారి మనిషి జాయినింగ్ రిపోర్టు మీద ముద్ర కొట్టేవాడు. అందరూ టీ తాగేవారు. మర్నాడు ఇదే తంతు తలకిందులుగా జరిగి పిస్టన్ పైకి వచ్చేది. ఆదివారం వాల్వు ఉన్నచోటే విశ్రాంతి తీసుకునేది. వినాయక చవితికి దానికీ సెలవే. ఒకసారి వాల్వు మీద తుప్పు మచ్చ కనిపిస్తే, మెడికల్ సర్టిఫికెట్ లేకుండా విధుల్లో ఎలా చేర్చుకుంటామని రాజుగారు ఆ రోజు ముద్ర వేయనివ్వలేదు. మందాకిని దాన్ని ఎమెరీ కాగితంతో రుద్ది, ఆరోగ్యంగా ఉందని రాసిచ్చింది.

సెప్టెంబరు నెలాఖరుకి త్రైమాసిక నివేదిక వెళ్ళింది. చేత్తో తిప్పే ఇంజన్‌కి డీజిలెందుకు? ఇంధన వినియోగం అన్న గడిలో సుభద్రాంబగారు ఉన్నదున్నట్టు సున్నా వేశారు. ఆ సున్నా రాజధానికి చేరి, అక్కణ్ణుంచి ఇంకా పైకి పోయింది. అసలు ఇంధనమే తాగని ఇంజన్ కాకినాడలో తయారైందని తంతి వేగంతో అభినందన తిరిగొచ్చింది. డైరెక్టరుగారికి శాలువా కప్పారు. ఆయన సభలో గద్గదస్వరంతో మాట్లాడారు.

"ప్రపంచమంతా ఇంధనాన్ని తగ్గించాలని తంటాలు పడుతుంటే మనం ఆ సమస్యని మూలంలోనే తొలగించాం. కొందరు, ఇంజన్ పని కూడా చేయడం లేదు కదా అంటున్నారు. పని అన్నది మా లక్ష్యాల్లో లేదు. మా లక్ష్యం సామర్థ్యం."

చప్పట్లు మోగాయి. చంద్రహాస్ తల దించుకున్నాడు. అతని బాధ మందాకినికి తెలుసు. కానీ ఆమె మనసులో లెక్క వేరేగా నడుస్తోంది. పన్నెండో నిబంధన ప్రకారం, నవంబరు నెలాఖరు సాయంత్రం ఐదు గంటలకి వాల్వు ఎక్కడుంటే తను అక్కడికి చెందుతుంది. కింద ఉంటే పిస్టన్‌తో పాటు అనంతపురం. పైన ఉంటే విప్పదీసి, సంచిలో వేసుకుని శ్రీకాకుళం. ఆదివారాలూ పండగలూ తీసేసి ఇవాళ పైన, రేపు కింద అనుకుంటూ వేళ్ళ మీద లెక్కపెట్టింది. చివరి రోజుకి కిందే వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది. కిందే.

ఆ ఆనందంతో ఆమె అనంతపురం కాపురం మొదలుపెట్టేసింది. అక్కడ ఎండ ఎక్కువట, అయితే వడియాలు బాగా ఎండుతాయి. అక్కడ బొబ్బట్లని ఓళిగలంటారట, బాగా చేస్తారట, నేర్చుకోవాలి. రాత్రి పడుకోబోతూ "కిందే కదండీ" అనేది. "కిందే" అనేవాడతను. అది వాళ్ళకి గుడ్‌నైట్ అయిపోయింది.

నవంబరు మూడో వారంలో తుపాను వచ్చింది. పెద్దదేం కాదు. నాలుగు కొమ్మలు విరిచి, రెండు ఫ్లెక్సీలు ఎగరేసి, యానాం వైపు పోయింది. అయితే కలెక్టరుగారు ముందుజాగ్రత్తగా ఆ రోజు ఆఫీసులకి సెలవు ప్రకటించారు. కిటికీ దగ్గర కూర్చుని వేడివేడి బజ్జీలు తింటున్న మందాకిని సగం బజ్జీ నోట్లో ఉండగా ఆగిపోయింది.

"ఏవండీ, ఇవాళ ఇంజన్ తిప్పలేదు."

అతనికి అర్థం కావడానికి క్షణం పట్టింది. ఒక రోజు పోయింది గనక అంతా తారుమారైంది. చివరి రోజుకి వాల్వు పైన ఉంటుంది.

మర్నాడు ఆమె, ఏదో ఒక్క రోజు రెండుసార్లు తిప్పనివ్వమని అర్జీ పెట్టింది. "మా వాల్వుని మా ఇంట్లోంచి మేమే పంపించేసుకోవాలా? నేనొప్పుకోను," అన్నారు శాస్త్రిగారు. రోజుకి రెండు కదలికలంటే అదనపు పనిభారమని, ఆర్థిక శాఖ ఆమోదం కావాలని, అది వచ్చేసరికి వేసవి అవుతుందని సుభద్రాంబగారు చెప్పారు. చెప్పి, ఈసారి డబ్బా మొత్తం చేతిలో పెట్టారు. మందాకిని మూత తియ్యకుండానే ఇంటికి తెచ్చుకుంది.

నెలాఖరు రోజు రానే వచ్చింది. గేటు బయట రెండు లారీలు, ఒకటి ఉత్తరం వైపు, ఒకటి దక్షిణం వైపు ముఖం పెట్టుకుని నిలబడ్డాయి. బీరువాలు ఎక్కుతున్నాయి. పొద్దున్న పది గంటలకి వాల్వు యథావిధిగా పైకి వచ్చి మాతృశాఖలో చేరింది. నాలుగున్నరకి మందాకిని స్పానరు తీసుకుని, తన వాల్వుని విప్పడానికి షెడ్డుకి వెళ్ళింది. చంద్రహాస్ అక్కడ ఇంజన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. డీజిలు డబ్బా ఆగస్టులో పోసినంత నిండుగానే ఉంది.

ఆమె స్పానరు బిగించలేదు. డబ్బా వంక, హ్యాండిల్ వంక, అతని వంక చూసింది.

"ఏవండీ, వాల్వు పైన ఉంటే శ్రీకాకుళం, కింద ఉంటే అనంతపురం. ఎక్కడుందో ఎవరికీ తెలీకపోతే?"

అతను లేచి నిలబడ్డాడు. "ఉద్యోగాలు పోతాయేమో మందా."

"ఇద్దరివీ ఒకేసారి పోతే అదీ కలిసున్నట్టే కదా."

ఇద్దరూ కలిసి హ్యాండిల్ పట్టుకున్నారు. రోజుకి సగం చుట్టుకి అలవాటుపడ్డ ఇంజన్ ముందు మొరాయించింది, తర్వాత దగ్గింది, తర్వాత ఆ పిల్లి గురక అందుకుంది. ఆ చప్పుడు వినగానే లారీల దగ్గరున్న జనమంతా షెడ్డుకి పరుగెత్తుకొచ్చారు. ఆ సంస్థలో చాలామంది ఇంజన్ తిరగడం అదే మొదటిసారి చూడటం.

డైరెక్టరుగారు డబ్బాలోంచి దిగుతున్న సన్నటి గొట్టాన్ని చూశారు. "ఇది తాగుతోందా?" అన్నారు, పిల్లాడి నోట్లో చుట్ట చూసిన తండ్రిలా. "నా సున్నా ఏమైపోవాలి?"

ఐదు అయింది. సుభద్రాంబగారు రిలీవింగ్ కాగితాలతో వచ్చి, ఇంజన్ మీదికి వంగి, కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశారు.

"వాల్వు ఇప్పుడు ఎక్కడుందమ్మాయ్?"

"పైన మేడం."

ఆవిడ కలం ఎత్తారు.

"ఇప్పుడు కింద. మళ్ళీ పైన. మీరు రాసేలోపల మారిపోతుంది మేడం."

"ఆపించండి," అన్నారు డైరెక్టరుగారు.

"ఎక్కడ ఆపమంటారండి?" అన్నారు సుభద్రాంబగారు. "ఉత్తర్వులో రాయాలి కదా."

"పైన," అన్నారు శాస్త్రిగారు.

"ఎందుకండి పైన, కిందాపండి ఆయ్," అన్నారు రాజుగారు.

"ఐదు దాటింది. మీరిద్దరూ రిలీవ్ అయిపోయారు. ఇప్పుడు మీ మాట చెల్లదు," అన్నారు సుభద్రాంబగారు.

డైరెక్టరుగారు ఆగి ఆలోచించారు. ఆపిన ఇంజన్‌కి బాధ్యత ఆపినవాడిది. ఏ శాఖ పక్షాన ఆపారని రేపు విచారణ వస్తే శాలువా వెనక్కి ఇవ్వాల్సి రావచ్చు. ఆయన గొట్టం వైపు వేలు చూపించి, మళ్ళీ మడుచుకున్నారు.

సుభద్రాంబగారు ఆ గురకకి కాసేపు చెవి ఒగ్గారు. తర్వాత కాగితాన్ని ఇంజన్ పక్కనున్న బల్ల మీద పెట్టి, పెద్ద అక్షరాలతో రాసి, పైకి చదివారు.

"సదరు వాల్వు ప్రస్తుతం మార్గమధ్యంలో ఉన్నది. మార్గమధ్యంలో ఉన్న వస్తువు గమ్యం చేరేవరకు దాని బాధ్యులు ఉన్నచోటనే ఉండవలెను. వాల్వు పిస్టన్ యందు ప్రయాణిస్తున్నందున పిస్టన్ బాధ్యులకు కూడా ఇదే వర్తించును."

ముద్ర కొట్టి, కాగితం మందాకినికి ఇస్తూ గొంతు తగ్గించారు. "ఆగనివ్వకే. ఆగిందంటే ఎక్కడాగిందో నేను రాయక తప్పదు."

రెండు లారీలూ చెరో దిక్కుకి వెళ్ళిపోయాయి. శాస్త్రిగారూ రాజుగారూ తలో లారీ ముందు సీట్లో కూర్చుని, కనుచూపు మేర దాటేదాకా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి వాదించుకుంటూనే ఉన్నారు. డైరెక్టరుగారు సున్నా సంగతి మాట్లాడటానికి రాజధాని వెళ్ళారు. ఖాళీ అయిన మేడ మీద కిటికీ రెక్కలు గాలికి కొట్టుకుంటున్నాయి. షెడ్డులో ఇంజన్ తిరుగుతోంది.

మందాకిని పుల్ల తీసి డబ్బాలో ముంచి, వెలుగులో పట్టి చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ సంస్థలో ఇంధనం పొదుపు గురించి ఉపన్యాసాలు జరిగాయి, శాలువాలు మారాయి. ఒక్కొక్క చుక్కా ఎక్కడికి పోతోందో గుండె చిక్కబట్టుకుని చూసిన మనిషి మాత్రం ఈవిడే మొదటిది.

"తగ్గిందా?" అడిగాడు చంద్రహాస్.

"వెంట్రుకవాసి."

"రేపు ఇంకో డబ్బా తెస్తాలే."

"అది కాదండీ, వాల్వు స్ప్రింగు ఇంకాస్త మెత్తటిది వేస్తే ఇంకా తక్కువ తాగుతుంది. నాకెప్పట్నుంచో అనుమానం."

"స్ప్రింగు మార్చాలంటే ఇంజన్ ఆపాలి కదే."

"ఆపకుండా మార్చడం కనిపెట్టాలి," అందామె, పుల్ల తుడిచి చెవి పైన పెట్టుకుంటూ. "మనకి మాత్రం ఇంకేం పనుందీ? స్టూలు ఇలా లాగండి, బొమ్మ గీస్తాను."